కొండ దారిలో పసిపిల్లలు: ప్రయత్నమా, అనుగ్రహమా?

తిరుపతిలో అలిపిరి దగ్గర మొదలయ్యే మెట్లదారి శేషాచలం అడవి గుండా సాగి తిరుమల చేరుతుంది. దూరం సుమారు 9 కిలోమీటర్లు, మెట్లు 3,550. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి దీనికన్నా పొట్టిది, నిటారుది. అక్కడ 2.1 కిలోమీటర్ల దూరంలోనే 2,388 మెట్లున్నాయి. బస్సులు, కార్లు ఘాట్ రోడ్డు మీద గంటలోపే కొండపైకి చేరుస్తున్నా పసిపిల్లలను వెంటబెట్టుకుని ఈ దారుల్లో నడిచే కుటుంబాలకు కొదవ లేదు. తల్లి చంకలో చంటిబిడ్డ ఉంటుంది. తండ్రి వేలు పట్టుకుని నాలుగేళ్ల పిల్ల మెట్టుమెట్టుకూ రెండు కాళ్లూ ఆనించి ఎక్కుతుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడు అందరికన్నా ముందు పరుగెత్తి, పై మెట్టు మీద కూర్చుని మిగిలినవాళ్ల కోసం చూస్తుంటాడు.

ముగ్గురూ ఒకే కొండ ఎక్కుతున్నారు. కాని చంటిబిడ్డకు ఎక్కుతున్నానన్న ఎరుకే లేదు. నాలుగేళ్ల పిల్ల నడుస్తుంది, అలిసిపోయినప్పుడు ఎత్తుకోమంటుంది. పెద్దవాడు తన కాళ్లతోనే ఎక్కాడు గాని, మొక్కు అతనిది కాదు. ఇలాంటి యాత్ర ఎవరిది? నడిచి వచ్చిన బిడ్డకూ, ఎత్తుకు తెచ్చిన బిడ్డకూ ఫలంలో తేడా ఉందా? జీవుడు తన ప్రయత్నంతో భగవంతుణ్ణి చేరతాడా, భగవంతుడే చేర్చుకుంటాడా అని శ్రీవైష్ణవ ఆచార్యులు శతాబ్దాల పాటు చేసిన చర్చకు ఇది పసిపిల్లల రూపం. ఆ చర్చలోని ముఖ్యమైన మాటలు, తిరుమలతో ముడిపడిన కథలు కలిపి చూస్తే సమాధానం స్పష్టంగానే దొరుకుతుంది.

దారి, అడవి

అలిపిరిలో పాదాల మండపం దగ్గర స్వామి పాదుకలను తలమీద పెట్టుకుని ప్రదక్షిణ చేయడం ఆనవాయితీ. అది దాటగానే తలయేరు గుండు వస్తుంది. ఎక్కేవారు ఆ బండకు తల, మోకాళ్లు ఆనించి నొప్పులు రాకూడదని మొక్కుకుంటారు. అక్కడి నుంచి గాలిగోపురం దాకా ఎక్కుడే ఎక్కుడు. పిల్లల ఓపిక ఇక్కడే సగం కరిగిపోతుంది. కొందరు స్త్రీలు మెట్టు మెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతూ, కర్పూరం వెలిగిస్తూ వంగి లేస్తూ ఎక్కుతారు. వాళ్ల నడక పసిపిల్లల నడకకు సరిగ్గా సరిపోతుంది. గాలిగోపురం దాటాక దారి చాలావరకు చదునవుతుంది. ఏడో మైలు దగ్గర ఆంజనేయస్వామి విగ్రహం, ఆ పైన నరసింహస్వామి గుడి, చివరికి మోకాళ్ల మిట్ట వస్తాయి.

దారి పొడుగునా ఇరువైపులా ఉన్నది అడవి. 1989లో దీనిలో కొంత భాగాన్ని శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 2010లో శేషాచలం కొండలు జీవావరణ రక్షిత ప్రాంతమయ్యాయి. ఎర్రచందనం ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. ఈ కొండలూ, వీటిని ఆనుకుని ఉన్న తూర్పు కనుమల భాగాలే దాని పుట్టిల్లు. వెదురు పొదలు, జాలారి చెట్లు, కోతులు, కొండముచ్చులు, రాత్రిపూట తిరిగే దేవాంగపిల్లి, బండల సందుల్లో బతికే బంగారు బల్లి ఇక్కడివి. చిరుతపులి కూడా ఇక్కడిదే. ఘాట్ రోడ్డు పక్కన ఒకచోట రాతిపొరల మధ్య ఒక గీత కనిపిస్తుంది. ఆ గీతకు కింది రాతికీ పై రాతికీ మధ్య కోట్ల ఏళ్ల ఎడం ఉంది. భూవిజ్ఞానులు దాన్ని జాతీయ భూవారసత్వ సంపదగా గుర్తించారు.

గుడి మాత్రమే క్షేత్రం, అడవి దానికి దారి మాత్రమే అన్నది ఇక్కడి సంప్రదాయానికి సరిపడదు. శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి అనే ఏడు కొండలనూ ఆదిశేషుని శరీరంగా భావిస్తారు. రామానుజాచార్యులు ఈ కొండ మీద పాదం మోపడానికి సంకోచించి మోకాళ్లతో ఎక్కారని చెప్పేది అందుకే. మోకాళ్ల మిట్టకు ఆ పేరు వచ్చింది కూడా ఆ కథతోనే. ఈ భావం ప్రకారం పసివాడు ఆగి చూసే చీమలబారు, చేతిలోకి తీసుకునే గులకరాయి యాత్రకు అడ్డంకులు కావు, యాత్రలో భాగాలే.

మొక్కు ఎవరిది?

పసిపిల్లలతో కొండకు వచ్చే కుటుంబాల్లో చాలామందిది పుట్టువెంట్రుకల మొక్కు. బిడ్డ పుట్టకముందో, పుట్టి జబ్బుపడినప్పుడో తల్లిదండ్రులు మొక్కుకుంటారు. నడిచి వస్తామనడం కూడా తరచు అందులో చేరుతుంది. తలనీలాలు బిడ్డవి, మాట పెద్దలది. అందువల్ల పిల్లవాడు నడవలేక ఏడ్చినప్పుడు పెద్దలకు ఒక భయం కలుగుతుంది: ఎత్తుకుంటే మొక్కు చెడుతుందేమో, మధ్యలో ఆగితే దోషం తగులుతుందేమో అని.

ధర్మశాస్త్రం ఈ భయాన్ని సమర్థించదు. గౌతమ ధర్మసూత్రాల ప్రకారం ఉపనయనానికి ముందు బాలుడికి నడతలో, మాటలో, తిండిలో నియమాలు వర్తించవు. వ్రతం సంకల్పంతో మొదలవుతుంది, సంకల్పించినవాడినే అది కట్టిపడేస్తుంది. సంకల్పం ఏమిటో తెలియని వయసుకు నియమభంగమూ లేదు.

మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యుని కథ ఈ విషయాన్ని ఇంకా లోతుకు తీసుకుపోతుంది. మౌనవ్రతంలో ఉన్న ఆ ఋషి ఆశ్రమంలో దొంగలు దాక్కోవడంతో రాజభటులు ఆయననూ దొంగగా ఎంచి కొరత వేస్తారు. ఏ పాపానికి ఈ శిక్ష అని ఆయన తర్వాత యమధర్మరాజునే నిలదీస్తాడు. చిన్నప్పుడు పురుగులకు గడ్డిపుల్లలు గుచ్చినందుకని జవాబు వస్తుంది. తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్ష వేయడమే అధర్మమని మాండవ్యుడు ధర్ముణ్ణి శపిస్తాడు. ఆ శాపం వల్ల ధర్ముడు విదురుడిగా పుడతాడు. పద్నాలుగేళ్ల లోపు చేసినది పాపం కాదని ఋషి అప్పుడే ఒక హద్దు కూడా గీస్తాడు. బాల్యం తప్పొప్పుల లెక్కకు అతీతమని ధర్మదేవతకే పాఠం చెప్పిన కథ ఇది.

దీన్నిబట్టి మొక్కు పెద్దలదే. నడవవలసినది మొక్కినవారు. బిడ్డను ఎత్తుకుని నడిచినా ఆ మాట పూర్తిగా చెల్లుతుంది. బిడ్డకు సాధ్యం కాని నడకను బిడ్డ పేరున మొక్కుకోకపోవడం పెద్దల వివేకం. బిడ్డ తనంతట తానుగా ఎక్కిన ప్రతి మెట్టూ ఎవరి బాకీ తీర్చడానికీ కాదు, అది స్వేచ్ఛగా చేసిన పని. స్వేచ్ఛగా చేసిన పనికి భక్తిలో ఉన్న విలువ బలవంతపు నియమానికి ఉండదు.

కోతిపిల్ల, పిల్లిపిల్ల

మొక్కు ఎవరిదో తేలినా, నడిచిన బిడ్డకూ ఎత్తుకు తెచ్చిన బిడ్డకూ తేడా ఉందా అన్న ప్రశ్న మిగిలే ఉంది. ఈ ప్రశ్న దగ్గరే రామానుజుల తర్వాతి శ్రీవైష్ణవం రెండు శాఖలైంది. వేదాంత దేశికులను (1268–1369) అనుసరించేవారు వడగలై వారు. పిళ్లై లోకాచార్యులను, ఆయన గ్రంథాలకు వ్యాఖ్యలు రాసిన మణవాళ మహామునులను అనుసరించేవారు తెంగలై వారు. ఇరువురికీ రామానుజులే ఆచార్యులు, శరణాగతే మార్గం. తేడా శరణాగతిలో జీవుడి వంతు ఎంత అన్న దగ్గరే.

వడగలై వారిది మర్కటకిశోర న్యాయం. తల్లికోతి కొమ్మ నుంచి కొమ్మకు దూకుతుంది, పిల్ల దాని పొట్టను కరుచుకుని ఉండాలి. తెంగలై వారిది మార్జాలకిశోర న్యాయం. తల్లిపిల్లి పిల్లను నోట కరుచుకుని తీసుకుపోతుంది, పిల్ల చేయవలసిందేమీ లేదు. మొదటి పక్షం ప్రకారం జీవుడు శరణు అనాలి, ఆ ఒక్క పనీ అతనిదే. రెండో పక్షం ప్రకారం శరణు అనడాన్ని కూడా ఉపాయంగా భావించకూడదు, ఉపాయం భగవంతుడొక్కడే.

ఈ రెండు న్యాయాలను ప్రయత్నానికీ సోమరితనానికీ మధ్య పోటీగా చూస్తే రెండింటికీ అన్యాయం జరుగుతుంది. కోతిపిల్ల దూకదు, దూకేది తల్లే. పిల్ల పట్టు ఎంత గట్టిదైనా చెట్టు దాటించేది ఆ పట్టు కాదు. దేశికులు శరణాగతిని భగవంతుడి దయకు ఒక నెపంగా చెప్పారేగాని వెలగా చెప్పలేదు. అటు లోకాచార్యుల పక్షం కూడా మనిషిని కర్మ మానుకోమనలేదు. కైంకర్యం చేయాలి, అయితే అది ఫలం కొనుక్కోవడానికి కాదు, ప్రేమ కొద్దీ చేయాలి అన్నది. అంటే ఇద్దరి మతంలోనూ మోసేది ఒక్కరే. బిడ్డ పట్టుకుని ఉండాలా, అక్కరలేదా అన్నదే చర్చ.

మెట్లదారిలో ఈ రెండు న్యాయాలూ ఒకే బిడ్డలో కనిపిస్తాయి. నాలుగేళ్ల పిల్ల గాలిగోపురం దాకా వేలు పట్టుకుని నడుస్తుంది. ఆ తర్వాత తండ్రి భుజమెక్కి మెడ చుట్టూ చేతులు బిగిస్తుంది. నరసింహస్వామి గుడి వచ్చేసరికి ఆ చేతులు వదులై నిద్రలోకి జారుకుంటుంది. పట్టు వదిలిందని తండ్రి బిడ్డను దించడు. ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. నడక, పట్టు, నిద్ర అనే మూడు దశల్లోనూ ఆ పిల్ల కొండ ఎక్కుతూనే ఉంది. పైకి చేరాక ఏ మెట్లు తనవి, ఏ మెట్లు తండ్రివి అన్న లెక్క ఇద్దరిలో ఎవరికీ పట్టదు. రెండు శాఖల వారూ వేర్వేరు మనుషుల గురించి మాట్లాడారనుకోవడం కంటే, ఒకే జీవుడి వేర్వేరు ఘడియల గురించి మాట్లాడారనుకోవడం ఈ దారికి దగ్గరగా ఉంటుంది. ఓపిక ఉన్న వేళ పట్టుకోవడం ధర్మం. ఓపిక పోయిన వేళ మోసేవారు ఉన్నారన్న నమ్మకమే దిక్కు.

చెప్పులతో నిద్రపోయిన బాలుడు

తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) జీవితాన్ని ఆయన మనుమడు చిన తిరువేంగళనాథుడు ద్విపద కావ్యంగా రాశాడు. చిన్నన్న అని ప్రసిద్ధుడైన ఆ కవి చెప్పిన కథలో అన్నమయ్య చిన్నవయసులో గడ్డి కోస్తూ వేలు తెగి, ఇల్లు విడిచి, యాత్రికుల వెంట తిరుమలకు బయలుదేరతాడు. మోకాళ్ల మిట్ట దగ్గరకు వచ్చేసరికి ఆకలి, అలసట కమ్ముకుంటాయి. వెదురు పొద కింద ఒక బండ మీద చెప్పులు విడవకుండానే సొమ్మసిల్లి నిద్రపోతాడు. అప్పుడు అలమేలుమంగ ఒక పెద్దముత్తైదువ రూపంలో వస్తుంది. ఈ కొండంతా సాలగ్రామమయమని, చెప్పులతో ఎక్కకూడదని చెప్పి, ప్రసాదం తినిపిస్తుంది. మేలుకున్న బాలుడు ఆ తల్లిపై శతకం చెప్పాడని సంప్రదాయం.

పెద్దలు మోకాళ్లతో ఎక్కిన చోట ఈ బాలుడు చెప్పులతో పడుకున్నాడు. నియమం చూస్తే అది అపచారం. అమ్మవారు దాన్ని దాచలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కాని శిక్షించలేదు, వెనక్కి పంపలేదు, తప్పు దిద్దుకుంటేనే అన్నం పెడతానని షరతు పెట్టలేదు. పాఠం, ప్రసాదం ఒకే చేతి మీదుగా వచ్చాయి. శ్రీవైష్ణవులు ఈ గుణాన్ని వాత్సల్యం అంటారు. అప్పుడే పుట్టిన దూడ ఒంటి మురికిని ఆవు నాకినట్టు భగవంతుడు దోషాన్నే ఇష్టపడతాడని తెంగలై వారి మాట. దోషాన్ని చూడనట్టు ఉంటాడని వడగలై వారి మాట. ఏ వ్యాఖ్యానం తీసుకున్నా దోషం దగ్గర ప్రేమ ఆగిపోదు.

జీవుడి తరఫున భగవంతుడికి విన్నవించే అమ్మవారి పాత్రను పురుషకారం అంటారు. అన్నమయ్య కథలో ఆమె స్వామి దగ్గరకు వెళ్లి మాట్లాడడానికి ముందే బాలుడి దగ్గరకు దిగి వచ్చింది. గుడికి చేరకముందే, దర్శనం కాకముందే, దారిలోనే అనుగ్రహం దొరికింది. అలసిన పిల్లవాడికి మెట్టు మీద కూర్చోబెట్టి పులిహోర తినిపించే తల్లి చేస్తున్నది ఆ కథలోని పనే. అక్కడ ఆగినందువల్ల యాత్ర ఆలస్యమైందని ఆమె బెంగపడనక్కరలేదు.

అనంతాళ్వారు తరిమిన బాలుడు

ప్రయత్నం తనదేనన్న పట్టుదల ఎక్కడికి దారితీస్తుందో తిరుమలలోని మరొక కథ చెబుతుంది. రామానుజుల ఆజ్ఞపై కొండకు వచ్చి స్వామికి పూలతోట పెంచిన శిష్యుడు అనంతాళ్వారు. తోటకు నీటి కోసం ఆయన చెరువు తవ్వుతుంటే, నిండు గర్భిణి అయిన భార్య మట్టి మోసేది. ఒక బాలుడు వచ్చి సాయం చేస్తానన్నాడు. గురుసేవ తమదే కావాలని అనంతాళ్వారు వద్దన్నాడు. బాలుడు ఆయనకు తెలియకుండా ఆ తల్లి చేతి గంప అందుకుని మోశాడు. అది చూసి కోపంతో ఆయన గడ్డపార విసిరితే బాలుడి గడ్డానికి తగిలింది. తరిమినా దొరకలేదు. గుడిలో చూస్తే స్వామి గడ్డం నుంచి రక్తం కారుతోంది. ఆ గాయానికి పెట్టిన పచ్చకర్పూరమే నేటికీ మూలమూర్తి గడ్డం మీద అలంకారంగా నిలిచిందని, మహాద్వారం దగ్గర గోడకు వేలాడే గడ్డపార అదేనని చెబుతారు.

అనంతాళ్వారు భక్తిలో లోపం లేదు. చెరువు తవ్వాలన్న ప్రయత్నంలోనూ లోపం లేదు. సాయాన్ని నష్టంగా లెక్కించడం దగ్గరే పొరపాటు జరిగింది. మోకాళ్ల మిట్ట మీద కాళ్లు వణుకుతున్నా బిడ్డను ఎత్తుకోనివ్వని పెద్దవాళ్లది, పూర్తిగా నడిచానని చెప్పుకోవాలని బిడ్డను తొందరపెట్టే పెద్దవాళ్లది అదే పొరపాటు. భగవంతుడు బాలుడి రూపంలో సాయానికి వచ్చాడన్న ఆ కథ పెద్దలకు ఇంకొక సంగతి కూడా గుర్తుచేస్తుంది: పిల్లలు మోయవలసిన బరువులు మాత్రమే కారు, తమ చిన్న చేతులతో బరువు అందుకునేవాళ్లు కూడా. చెల్లెలి చెయ్యి పట్టుకున్న అన్న, నీళ్ల సీసా తాను మోస్తానని పట్టుబట్టే పాప చేస్తున్నది కైంకర్యమే.

చిన్నవాడు కావడం

రామానుజులు కొండకు వచ్చినప్పుడు ఆయన మేనమామ తిరుమలనంబి వృద్ధాప్యంలో తానే ప్రసాదం తీసుకుని ఎదురువచ్చారు. ఎవరైనా చిన్నవాడి చేత పంపకూడదా అని రామానుజులు నొచ్చుకున్నారట. వీధులన్నీ వెతికాను, నాకంటే చిన్నవాడు దొరకలేదని నంబి బదులిచ్చారని గురుపరంపర కథలు చెబుతాయి. ఆ తిరుమలనంబి దగ్గరే రామానుజులు ఏడాదిపాటు రామాయణార్థాలు విన్నారు.

ఆకించన్యం, అంటే నా దగ్గర ఏమీ లేదన్న ఎరుక, శరణాగతికి అర్హతగా ఆచార్యులు చెప్పారు. పెద్దలు దాన్ని సాధనతో తెచ్చుకోవాలి. పసిపిల్లలకు అది పుట్టుకతోనే ఉంది. ఎత్తుకోమని అడగడానికి బిడ్డ సిగ్గుపడదు, ఎత్తుకున్నందుకు అప్పుపడ్డానని అనుకోదు. కొండ ఎక్కే కుటుంబంలో శరణాగతి తెలిసినవారు ఎవరని అడిగితే, చేతులు పైకి చాచి నిలబడ్డ బిడ్డనే చూపించాలి. పిల్లలను తీసుకుని నడవడం పెద్దలకు మేలు చేసేది కూడా ఇందుకే. బిడ్డ వేగంతో నడిచేవారికి గుడి త్వరగా రాదు, కాని వాళ్లు అడవిని చూస్తారు, అలసటను ఒప్పుకుంటారు, సాయం అడగడం నేర్చుకుంటారు.

నమ్మకం, జాగ్రత్త

ఈ దారి అడవి దారి. 2023 ఆగస్టులో అలిపిరి మార్గంలో ఆరేళ్ల బాలిక చిరుత దాడిలో ప్రాణం కోల్పోయింది. ఆ తర్వాత పిల్లలతో నడిచే కుటుంబాలకు వేళల పరిమితులు పెట్టారు. గుంపులుగా వెళ్లాలని, పిల్లలను ఒంటరిగా ముందుకు పోనివ్వకూడదని హెచ్చరించారు. ఆ దుర్ఘటన వేసే ప్రశ్నను దాటవేయడం ధర్మం కాదు. తల్లిపిల్లి నోట పిల్ల భద్రమని చెప్పిన సిద్ధాంతం ఇక్కడ ఏమంటుంది?

ఆ న్యాయాలు రెండూ మోక్షోపాయాన్ని గురించినవి. శరణాగతుడి శరీరానికి ఆపద రాదని ఏ ఆచార్యుడూ పూచీ పడలేదు. శరణన్నవారికీ జబ్బులు, వార్ధక్యం, ఎడబాటు వచ్చాయని ఆ ఆచార్యుల చరిత్రలే చెబుతాయి. కాబట్టి నమ్మకాన్ని జాగ్రత్తకు బదులుగా వాడడం సిద్ధాంతాన్ని తప్పుగా చదవడమే. ఒక కుటుంబానికి ఆపద వచ్చినప్పుడు వారి భక్తిని శంకించడం అంతకన్నా పెద్ద తప్పు, అందులో క్రూరత్వం కూడా ఉంది.

శరణాగతికి చెప్పిన అంగాల్లో మొదటి రెండు ఈ సందర్భానికి నేరుగా వర్తిస్తాయి. భగవంతుడికి అనుకూలమైనది చేయడం ఒకటి, ప్రతికూలమైనది మానడం రెండోది. సర్వభూతాలూ ఆయన శరీరమని రామానుజ దర్శనం. అలాంటప్పుడు బిడ్డను చీకటిపడ్డాక అడవి దారిలో వదలకపోవడం ఆనుకూల్యమే. కోతులకు తినుబండారాలు విసరకుండా ఉండడం, చెత్త పారేయకుండా ఉండడం, అడవి జంతువుకు దాని చోటు వదలడం కూడా ఆనుకూల్యంలోకే వస్తాయి. కోతులకు పెట్టడం పుణ్యమనుకునేవారున్నారు. మనుషుల తిండికి అలవాటుపడ్డ కోతులు పిల్లల చేతుల మీద పడతాయి. తిండి మిగుళ్లు పందులను, కుక్కలను దారి దగ్గరకు చేరుస్తాయి, వాటి కోసం చిరుత వస్తుంది. పెద్దలు అజాగ్రత్తగా చేసే పని చివరికి పసిపిల్లల మీదికే వస్తుంది. మోసేవారికి బాధ్యత ఎక్కువ. మార్జాలన్యాయంలో పిల్లకు ఏ పనీ లేకపోవచ్చు గాని, తల్లి క్షణం కూడా ఏమరుపాటుగా ఉండదు.

తేలేది ఏమిటి?

యాత్ర ఎవరిది అన్న ప్రశ్నకు ధర్మశాస్త్రం ఇచ్చే జవాబు సూటిగా ఉంది: మొక్కు మొక్కినవారిది, బిడ్డకు దోషం లేదు. ఫలంలో తేడా ఉందా అన్న ప్రశ్నకు రెండు శాఖల ఆచార్యులూ వేర్వేరు దారుల్లో వచ్చి దాదాపు ఒకే చోట ఆగుతారు. ఫలం నడిచిన దూరాన్నిబట్టి కొలిచేది కాదు, ఎందుకంటే చివరికి చేర్చేది జీవుడి కాళ్లు కావు. అయినా నడక వృథా కాదు. నడవగలిగిన బిడ్డ నడవడంలో ఆనందం ఉంది, పట్టుకోగలిగిన చెయ్యి పట్టుకోవడంలో ప్రేమ ఉంది. అన్నమయ్య కథ దీనికి వాత్సల్యాన్ని చేర్చింది, అనంతాళ్వారి కథ సాయం తీసుకోవడంలోని వినయాన్ని చేర్చింది, తిరుమలనంబి మాట చిన్నతనాన్నే అర్హత చేసింది.

కనుక పసిపిల్లలతో కొండ ఎక్కే కుటుంబం పాటించవలసినది మూడే. బిడ్డ నడుస్తానన్నంత దూరం నడవనివ్వాలి. అలిసిపోయానన్నప్పుడు సంకోచం లేకుండా ఎత్తుకోవాలి. మోసేవారు మెలకువ తప్పకూడదు. ఈ మూడూ ఉన్న చోట ఎవరు ఎన్ని మెట్లు ఎక్కారన్నది అడగనక్కరలేదు. చంటిబిడ్డతో సహా అందరి యాత్రా పూర్తయినట్టే.